తుపాను కాలం ముగిసిందని ఎవరు చెప్పాలి?

సముద్రం లేని ఉక్కు పట్నం భిలాయ్. అయినా అక్కడి తెలుగు ఇళ్లు, చుట్టుపక్కల వరి మళ్లు, కర్మాగారానికి వచ్చే బొగ్గు అన్నీ బంగాళాఖాతం ఎప్పుడు చల్లబడుతుందా అని చూస్తూనే ఉంటాయి. అట్లాంటిక్ ఒడ్డునా ఏటా ఇదే ప్రశ్న.

2018 డిసెంబర్ 17. పదిహేనేళ్ల తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వం మారిన రోజు. కొత్త ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ప్రమాణ స్వీకారానికి రాయ్‌పూర్ సైన్స్ కాలేజీ మైదానంలో వేదిక కట్టారు. తీరా ముహూర్తం దగ్గర పడేసరికి వాన పట్టుకుంది. వేదికను అప్పటికప్పుడు బల్బీర్ సింగ్ జునేజా ఇండోర్ స్టేడియానికి మార్చుకోవలసి వచ్చింది. అదే రోజు మధ్యాహ్నం తూర్పు గోదావరి జిల్లా కాట్రేనికోన దగ్గర 'పెథాయ్' తుపాను తీరం దాటింది. కోనసీమ కొబ్బరి చెట్లను ఊపిన గాలి, రాయ్‌పూర్‌లో రాజకీయ నాయకుల షామియానాను తడిపిన వాన ఒకే కుటుంబానికి చెందినవి.

రాయ్‌పూర్‌కు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న భిలాయ్‌లో ఆ ముసురు చూసి ఆశ్చర్యపోని వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన వాళ్లే అయి ఉండాలి. అయితే వాళ్లకూ అది వేళ కాని వేళే. కార్తీకం వెళ్లి అప్పటికి పది రోజులు. స్వెటర్లు, రగ్గులు బయటికొచ్చాయి. ఈ ఏటికి తుపానుల బెడద వదిలిందని శ్రీకాకుళంలోని బంధువులతో ఫోన్లో అనుకోవడం కూడా అయిపోయింది. డిసెంబర్ మూడో వారంలో తుపాను ఏమిటి?

ఈ ప్రశ్ననే మరో రకంగా అమెరికాలో ఏటా వేసుకుంటారు. అక్కడ దీనికి కేలండర్ ఉంది. అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1న మొదలై నవంబర్ 30న ముగుస్తుంది. సెప్టెంబర్ 10 దాని శిఖరం. 1991 నుంచి 2020 వరకు లెక్కల ప్రకారం సగటున ఏడాదికి పేరు పెట్టదగ్గ తుపానులు 14, వాటిలో హరికేన్లు 7, అందులో భారీవి 3. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో విలియం గ్రే 1984లో మొదలుపెట్టిన ముందస్తు అంచనాల సంప్రదాయం ఇప్పుడు పెద్ద పరిశ్రమే అయింది. బీమా కంపెనీలు, చమురు కంపెనీలు, బీచ్ హోటళ్లు వాటిని చూసి లెక్కలు వేసుకుంటాయి. అందువల్ల సెప్టెంబర్ కాస్త నిశ్శబ్దంగా గడిస్తే చాలు, 'ఈసారి సీజన్ ముందే సర్దుకుంటోందా?' అన్న చర్చ లేస్తుంది.

ఒక్కోసారి అది నిజమే అవుతుంది. 2005లో అట్లాంటిక్‌లో 28 తుపానులు పుట్టాయి. కత్రినా న్యూ ఆర్లీన్స్‌ను ముంచింది. నవంబర్ 30 తర్వాత కూడా ఆగకుండా డిసెంబర్ 30న 'జీటా' పుట్టి 2006 జనవరి దాకా సముద్రంలోనే తిరిగింది. అది చూసి బెదిరిన అమెరికా మరుసటి ఏడాది కూడా అదే మోత మోగుతుందని సిద్ధపడింది. కానీ పసిఫిక్‌లో ఎల్ నినో తలెత్తింది. అక్టోబర్ మొదటి వారం నాటికి 'ఐజాక్' కనుమరుగైంది. ఆ తర్వాత 2006లో ఒక్క తుపానూ లేదు. 2013 మరీ విచిత్రం. ఏడు నుంచి పదకొండు హరికేన్లు వస్తాయని మే నెలలో అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ చెప్పింది. వచ్చినవి రెండే.

కానీ ఆ 2013లోనే మన వైపు ఏం జరిగిందో చూడండి. అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. నవంబర్ 22న హెలెన్ మచిలీపట్నం వైపు వచ్చింది. ఆరు రోజులకే లెహర్ వచ్చింది. డిసెంబర్‌లో మాదీ. అక్కడ కుండ బోర్లించినట్లు అయిపోయిన సీజన్, ఇక్కడ ఊపిరి తిప్పుకోనివ్వలేదు. ఒక సముద్రం పద్దు మరో సముద్రానికి పనికిరాదు.

ఎందుకిలా? ఉక్కు కార్మికులకైతే దీన్ని చిమ్నీ భాషలో చెప్పొచ్చు. తుపాను నిట్టనిలువుగా లేచిన పొగగొట్టం లాంటిది. కింద వెచ్చని సముద్రం దాని కొలిమి. తేమ నిండిన గాలి పైకి లేచి, చల్లబడి, వాన కురిసి, ఆ క్రమంలో విడుదలయ్యే వేడితో ఇంకా గాలిని లాక్కుంటుంది. ఈ గొట్టం నిటారుగా నిలబడాలంటే కింది గాలి, పై గాలి ఇంచుమించు ఒకే తీరుగా ఉండాలి. కింద ఒక దిక్కుకు, పైన మరో దిక్కుకు గాలులు లాగితే గొట్టం ఒరిగిపోతుంది. కొలిమి ఎంత మండుతున్నా లాభం లేదు. ఎల్ నినో ఏడాదుల్లో కరీబియన్ సముద్రం మీద జరిగేది ఇదే. సహారా నుంచి వచ్చే పొడిగాలి ఇంకో శత్రువు. అది గొట్టంలోకి చొరబడి తేమను పీల్చేస్తుంది. మన లెహర్ కూడా అంత హడావుడి చేసి, తీరానికి రాకముందే పై గాలుల తాకిడికి, పొడిగాలికి నీరసించి వాయుగుండంగా మిగిలి మచిలీపట్నం చేరింది. ఖాళీ చేయించిన ఊళ్ల జనం తిట్టుకుంటూ ఇళ్లకు వెళ్లారు. అదొక మంచి రోజు.

బంగాళాఖాతానికి ఇదే సూత్రం మరో రకంగా పనిచేస్తుంది. జులై, ఆగస్టుల్లో సముద్రం వెచ్చగానే ఉంటుంది. కానీ నైరుతి రుతుపవనాలు కింద పడమటి నుంచి, చాలా ఎత్తులో వేగవంతమైన గాలులు తూర్పు నుంచి వీస్తుంటాయి. ఆ రెండింటి మధ్య పెద్ద తుపాను నిలబడలేదు. అందుకే అట్లాంటిక్‌కు ఒకే శిఖరం ఉంటే, మనకు రెండు. ఏప్రిల్ నుంచి జూన్ మొదలు దాకా ఒకటి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా రెండోది. రెండోదే పెద్దది. దివిసీమను తుడిచిపెట్టిన 1977 నవంబర్ 19, కోనసీమను కూల్చిన 1996 నవంబర్ 6, ఒడిశా సూపర్ సైక్లోన్ 1999 అక్టోబర్ 29, ఈ తేదీలన్నీ ఆ రెండో భాగంలోవే. అమెరికాలో మాదిరిగా మన వాతావరణ శాఖ తుపాను కాలానికి ఫలానా తేదీన తాళం వేస్తున్నామని ప్రకటించదు. ఆ వివేకానికి మెచ్చుకోవాలి.

<b>దక్షిణానికి జరిగే ముప్పు</b>

తాళం లేకపోయినా ఒక వరస మాత్రం ఉంది. అక్టోబర్‌లో తుపానులు ఎక్కువగా ఉత్తరాంధ్ర, ఒడిశాల వైపు వస్తాయి. నవంబర్ వచ్చేసరికి గురి దక్షిణ కోస్తా, తమిళనాడుల మీదికి జరుగుతుంది. డిసెంబర్‌లో ఇంకా కిందికి దిగి శ్రీలంక, తమిళనాడు. సూర్యుడితో పాటే ముప్పు కూడా దక్షిణాయనం పడుతుందన్న మాట. కాబట్టి 'తుపాను కాలం ముగిసిందా?' అన్నప్పుడు 'ఎవరికి?' అని ఎదురు ప్రశ్న వేయాలి. నెల్లూరు వాళ్లు గొడుగు వెతుక్కునే సమయానికి సోంపేట వాళ్లు గొడుగు మడిచి పెట్టొచ్చు. సాధారణంగా.

భిలాయ్ లెక్క సోంపేట లెక్కకు తోకలాంటిది. మ్యాప్ మీద గీత గీస్తే భిలాయ్ నుంచి విశాఖ తీరం నాలుగొందల కిలోమీటర్ల పైచిలుకు. గోపాల్‌పూరూ దాదాపు అంతే. ఈ రెండు చోట్ల మధ్య తీరం దాటి వాయవ్యంగా కదిలిన ప్రతి తుపానూ బలం కోల్పోయినా నీటిని మోసుకుంటూ ఛత్తీస్‌గఢ్ వైపే చూస్తుంది. 2014 అక్టోబర్ 12న విశాఖను చెండాడిన హుద్‌హుద్ ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరప్రదేశ్‌కు, అక్కడి నుంచి నేపాల్ హిమాలయాలకు వెళ్లింది. అన్నపూర్ణ పర్వతాల దారిలో నడుస్తున్న యాత్రికులను అక్టోబర్ 14న మంచు తుపానై కప్పేసింది. విశాఖ బీచ్ రోడ్డులో పుట్టిన కష్టం థొరాంగ్ కనుమలో ముగిసింది. 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర తీరం తాకిన గులాబ్ ఇంకా దూరం పోయింది. దక్షిణ ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, మహారాష్ట్ర మీదుగా దేశాన్ని అడ్డంగా దాటి అరేబియా సముద్రంలో దిగి 'షహీన్' అనే కొత్త పేరుతో ఒమన్‌ను కొట్టింది. నేల తాకగానే తుపాను చచ్చిపోతుందనుకునే వాళ్లకు ఇంతకన్నా సమాధానం అక్కర్లేదు. 2024లో అమెరికా కూడా ఈ పాఠం నేర్చుకుంది. ఫ్లోరిడాలో తీరం దాటిన హెలీన్, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో కొండల్లో ఉన్న ఆష్‌విల్ పట్నాన్ని వరదలో ముంచింది. ఆ ఏడాది కూడా ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో 'సీజన్ చల్లబడింది' అన్న మాట వినిపించింది. ఆ తర్వాతే హెలీన్, ఆ వెంటనే అక్టోబర్ 9న మిల్టన్.

భిలాయ్‌లో తెలుగు వాళ్లు ఎలా వచ్చారన్నది పాత కథే. సోవియట్ సాయంతో కర్మాగారం కట్టడానికి 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ నిర్మాణపు రోజుల్లో రాయ్‌పూర్ - విజయనగరం రైలు మార్గమే ఉత్తరాంధ్ర పల్లెలకు దారి చూపింది. బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా బండెక్కిన వాళ్లు ఇటుకలు మోసి, ఆ తర్వాత కొలిమి దగ్గర ఉద్యోగులై, సెక్టార్లలో క్వార్టర్లు సంపాదించుకున్నారు. ఇప్పుడు మూడో తరం నడుస్తోంది. సెక్టార్-5 బాలాజీ గుడిలో శ్రీకాకుళం యాస ఇంకా వినబడుతుంది. పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడతారు. ఊళ్లో మాత్రం ఒక ఇల్లో, ముసలి తల్లో, అరెకరం జీడి తోటో మిగిలి ఉంటుంది.

అక్టోబర్ వచ్చిందంటే వీళ్ల ఫోన్లు ఆ ఇంటి చుట్టే తిరుగుతాయి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో కరెంటు, మొబైల్ టవర్లు కూలిపోయి రోజుల తరబడి ఎవరి గొంతూ వినబడలేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి చెట్లను వేళ్లతో సహా పీకేసింది. వరి పోతే మరుసటి ఏటికి మళ్లీ నాటుకోవచ్చు. కొబ్బరి చెట్టు పోతే కాపు కోసం ఏళ్లు ఆగాలి. భిలాయ్ నుంచి పంపే మనియార్డర్ల కాలం పోయి ఫోన్ బదిలీల కాలం వచ్చింది కానీ, చెట్టు మాత్రం అంతే నెమ్మదిగా ఎదుగుతుంది. 2024 సెప్టెంబర్‌లో దుర్గ్ - విశాఖ వందే భారత్ మొదలయ్యాక ఊరు ఎనిమిది గంటల దూరానికి వచ్చింది. తుపాను హెచ్చరిక రాగానే ముందుగా రద్దయ్యేది ఈ మార్గంలోని బండ్లే అన్నది వేరే సంగతి.

<b>మార్టేరు వరి, క్వీన్స్‌లాండ్ బొగ్గు</b>

ఇళ్ల సంగతి ఇలా ఉంటే, భిలాయ్ చుట్టూ పొలాల సంగతి ఇంకో తీరు. దుర్గ్, బాలోద్, రాజ్‌నంద్‌గావ్ జిల్లాల నిండా వరే. ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె అనడం మనకు తెలుసు. ఆ గిన్నెలో విత్తనం చాలావరకు గోదావరి జిల్లాలదన్నది చాలామందికి తెలియదు. ఇక్కడ విరివిగా వేసే స్వర్ణ అంటే ఎంటీయూ-7029. 1010 అని అందరూ పిలిచేది కాటన్‌దొర సన్నాలు. రెండూ పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన స్థానం బిడ్డలే. 1010 నాలుగు నెలల్లో చేతికొస్తుంది కనుక అక్టోబర్ తుపానులకు దొరుకుతుంది. స్వర్ణకు ఐదు నెలలు కావాలి. నవంబర్ చివర్లోనో, డిసెంబర్‌లోనో కోస్తారు కనుక ఆలస్యపు తుపానులకు దొరుకుతుంది. తప్పించుకునే దారి లేదు.

నష్టం గాలితో కాదు. ఇక్కడికొచ్చేసరికి గాలి ఏమంత ఉండదు. కోసి పొలంలో పరిచిన పనల మీద రెండు రోజులు ముసురు పడితే గింజ మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తూకానికి ఒప్పుకోరు. 2023-24 నుంచి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు, క్వింటాల్‌కు 3,100 రూపాయల లెక్కన కొంటోంది. దేశంలోనే మంచి ధర. అంత ధర ఉన్నప్పుడు రెండు రోజుల వాన విలువ ఎంతో రైతు వేళ్ల మీద చెబుతాడు. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ ఉత్తరంగా కదిలి సరిగ్గా కొనుగోళ్ల వేళకే ఛత్తీస్‌గఢ్‌లో వానలు కురిపించింది. కేంద్రాల్లో కుప్పలు టార్పాలిన్ల కిందికి వెళ్లాయి. ఉన్నచోట.

ఇక కర్మాగారం. ఇనుప ఖనిజం తొంభై కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. కోకింగ్ కోల్ మాత్రం చాలావరకు విదేశాలదే. అందులో పెద్ద వాటా ఆస్ట్రేలియాది. ఓడల్లో విశాఖ, గంగవరం లాంటి రేవులకు చేరి అక్కడి నుంచి ర్యాకుల్లో పైకి వస్తుంది. కాబట్టి భిలాయ్ నిజానికి ఒక తుపాను కాలాన్ని కాదు, రెండింటిని గమనించాలి. 2017 మార్చి 28న డెబ్బీ తుపాను ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరాన్ని తాకి బొగ్గు గనుల నుంచి రేవులకు వెళ్లే రైలు మార్గాలను కోసేసింది. టన్ను 150 డాలర్ల దరిదాపుల్లో ఉన్న కోకింగ్ కోల్ ధర కొన్ని రోజుల్లోనే రెట్టింపు అయి 300 డాలర్ల దగ్గరికి వెళ్లింది. దక్షిణార్ధగోళంలో తుపాను కాలం నవంబర్‌లో మొదలై ఏప్రిల్ దాకా సాగుతుంది. అంటే బంగాళాఖాతం శాంతించే నాటికి అటువైపు కొలిమి రాజుకుంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌కు సెలవు లేదు. దాన్ని ఆర్పి, మళ్లీ వెలిగించడం పొయ్యి వెలిగించినంత తేలిక కాదు. అందుకే రేవు నాలుగు రోజులు మూతపడుతుందంటే యార్డులో బొగ్గు నిల్వ ఎంతుందన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

2025 ఈ లెక్కలన్నిటినీ ఒకే రాత్రి కళ్ల ముందు పెట్టింది. ఆ ఏడాది ఆగస్టు చివరి నుంచి సెప్టెంబర్ 17 దాకా, అంటే శిఖరం అనదగ్గ రోజుల్లోనే, అట్లాంటిక్‌లో ఒక్క కొత్త తుపానూ పుట్టలేదు. సీజన్ చాప చుట్టేస్తోందా అన్న ప్రశ్న మళ్లీ మొదలైంది. అమెరికా ప్రధాన భూభాగం వరకు చూస్తే ఆ అనుమానం తప్పు కాదు. 2015 తర్వాత మొదటిసారి ఒక్క హరికేన్ కూడా ఆ దేశ తీరం దాటలేదు. కానీ అక్టోబర్ 28న మెలిస్సా గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో జమైకా నైరుతి తీరాన్ని తాకింది. ఆ ద్వీపం చరిత్రలో అంతటి హరికేన్ లేదు. మన గడియారం ప్రకారం అదే రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటుతోంది. తెల్లారి వరంగల్, హనుమకొండ నీట మునిగాయి. మిగిలిన తేమ దక్షిణ ఛత్తీస్‌గఢ్, విదర్భల మీదికి వెళ్లింది. అక్కడ 1010 కోతకు సిద్ధంగా ఉంది.

ఆ తర్వాత బంగాళాఖాతం దాదాపు నెల రోజులు పెద్దగా ఉలకలేదు. ఇక అయిపోయిందనుకునే లోగా నవంబర్ చివర్లో దిత్వా శ్రీలంకను కొండచరియలతో, వరదలతో అతలాకుతలం చేసింది. ఆరు వందల మందికి పైగా మరణించారు. భిలాయ్‌కి, శ్రీకాకుళానికి మాత్రం నిజంగానే మొంథాతో కాలం ముగిసింది. ఇద్దరి అంచనాలూ సరైనవే. ఇద్దరూ వేర్వేరు అక్షాంశాల మీద ఉన్నారంతే.

తుపానుల లెక్క ఒక్కటే పట్టుకున్నా మోసపోతాం. బలమైన ఎల్ నినో ఉన్న 2015లో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో పేరు పెట్టదగ్గ తుపాను ఒక్కటీ రాలేదు. పట్టికలో సున్నా. ఆ నవంబర్‌లో నెల్లూరు జిల్లా వరదల్లో ఉంది, డిసెంబర్ 1న చెన్నై మునిగింది. వట్టి అల్పపీడనాలు చేసిన పని అది. పట్టికల నుంచి సీజన్ ముగింపును చదివే వాళ్లు ఆ ఏడాదిని మడిచి పెట్టుకోవాలి.

మరి భిలాయ్ వాళ్లు దేన్ని చూడాలి? వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే రెండు వారాల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడే అవకాశం ఎంతో చెబుతుంది. నెలల ముందు వేసే సీజన్ జోస్యాల కన్నా ఇది నూరు రెట్లు నయం. కోత మిషన్‌కు అడ్వాన్స్ ఇవ్వాలా, రైలు టికెట్ కొనాలా అన్న నిర్ణయాలకు రెండు వారాలు సరిపోతాయి. తుపాను రూపుదిద్దుకున్నాక హెచ్చరికలు నాలుగు దశల్లో వస్తాయి. మొదటి మూడూ తీరం కోసం. నాలుగోది, తీరం దాటడానికి కనీసం పన్నెండు గంటల ముందు వచ్చేది, తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరుగుతుందో చెబుతుంది. దుర్గ్, రాయ్‌పూర్, బస్తర్ లాంటి పేర్లు కనిపించేది అందులోనే. ఆ సమయానికి టీవీ కెమెరాలు విశాఖ బీచ్‌లోనో, కాకినాడ ఉప్పాడ రోడ్డులోనో అలల ముందు నిలబడి ఉంటాయి. తీరం దాటిందన్న వార్తతో స్క్రోలింగ్ ఆగిపోతుంది. రాయగడ దాటి, టిట్లాగఢ్ దాటి, వాన మర్నాడు సాయంత్రానికి గానీ సెక్టార్ల దాకా రాదు.